ఎక్కడైనా ఆడే అక్క

ఎవరినైనా "సర్దుకుపోయే మనిషి" అని మెచ్చుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. వయసు మీద పడ్డాక తగ్గుతుందనుకున్నాను, తగ్గలేదు. మొన్న కర్మన్‌ఘాట్‌లో అక్క పదకొండో రోజుకు వెళ్తే, ఫంక్షన్ హాల్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచి అదే మాట. "ఏడ ఉండమంటే ఆడ ఉండేది, పాపం" అంది అక్క చిన్న మరదలు. "పెద్దోనింట్ల పురుడైతే ఆడికి, నా కాలిరిగితే ఈడికి. ఒక్కనాడు మొకం మాడ్చుకోలే" అన్నాడు ఆమె చిన్న తమ్ముడు. దండ వేసిన ఫొటోలో అక్క మాత్రం ఎవరి మాటా వినిపించుకోనట్టు పక్కకు చూస్తోంది. ఏదో పెళ్ళిలో తీసిన గ్రూపు ఫొటోలోంచి కత్తిరించినట్టున్నారు, భుజం దగ్గర ఎవరిదో చీర కొంగు మిగిలిపోయింది. ఆమె ఒక్కత్తే ఉన్న ఫొటో ఇల్లంతా వెతికినా దొరకలేదట.

ఆమె పేరు రాయను. మా జట్టులో అందరికంటే పెద్దది కాబట్టి అందరికీ అక్క. సాఫ్ట్‌బాల్ జట్టు. ఆ ఆట పేరు చెబితే ఈ రోజుల్లో కూడా జనం మొహం అదోలా పెడతారు, ఎనభైల్లో ఎలా ఉండేదో ఇక అడగక్కర్లేదు. క్రికెట్‌లా బ్యాటూ బంతీ ఉంటాయి, పిచర్ చెయ్యి కిందనుంచి విసురుతుంది, కొట్టినవాళ్ళు బేస్ నుంచి బేస్‌కు పరిగెత్తాలి. అడ్డుకునే జట్టులో తొమ్మిది మంది, తొమ్మిది చోట్లు. ఎవరి చోటు వారిదే. నాది రైట్ ఫీల్డ్, అంటే దూరంగా ఒక మూల. బంతి ఎప్పుడోగాని రాని ఆ మూలలో నన్ను ఎందుకు నిలబెట్టారో నాకు బాగానే తెలుసు.

అక్కకు మాత్రం చోటు లేదు. ఏ పిల్ల రాకపోతే ఆ పిల్ల చోట్లో అక్క. పిచర్‌కు జ్వరమొస్తే అక్క పిచర్. ఫస్ట్ బేస్ పిల్లను వాళ్ళ నాయనమ్మ ఆ నాలుగు రోజులూ ఇంట్లోంచి కదలనివ్వకపోతే అక్క ఫస్ట్ బేస్. అందరూ వచ్చిన రోజున బ్యాట్ పట్టినవాళ్ళ వెనక కూర్చునే క్యాచర్, ఎందుకంటే మా పిచర్ బంతి పట్టే ధైర్యం ఇంకెవరికీ లేదు. "అక్క ఉన్నది గదా" అనేవాడు సార్. మా జట్టు మొత్తం ఆ ఒక్క మాట మీద నడిచింది.

సార్ అంటే మా స్కూలు డ్రిల్ సార్. స్కూలు అయిపోయాక కాలనీ ఆడపిల్లలందరినీ పోగేసి ఈ జట్టు పెట్టాడు. కబడ్డీకి, ఖోఖోకి వీధికో టీము ఉంది, సాఫ్ట్‌బాల్‌కు లేదు, కాబట్టి రాష్ట్రం జట్టులోకి తొందరగా వెళ్ళొచ్చు, సర్టిఫికెట్ చేతికొస్తే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం. ఇదీ ఆయన లెక్క. ఈ లెక్క చెప్పే మా నాన్నను కూడా ఒప్పించాడు. గుంటూరు వైపు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్ దాటాక ఒక ప్లాటు కొని, అప్పుడే ఇల్లు లేపుతున్న మనిషి మా నాన్న. "ఆటలేంటమ్మా ఆడపిల్లకి" అని మొదట గొణిగినవాడు ఉద్యోగం మాట వినగానే బూట్లు కొనిపెట్టాడు. అక్క వాళ్ళది నల్లగొండ దగ్గర పల్లె. వాళ్ళ నాన్న లారీ నడిపేవాడు. ఆమె తర్వాత ఇద్దరు తమ్ముళ్ళు. ఆమెకు ఆ ఉద్యోగం మా అందరికంటే ఎక్కువ అవసరం.

గ్రౌండ్ అంటే గ్రౌండ్ కాదు. ద్రాక్షతోట కొట్టేసి వేసిన లేఅవుట్. ఇంకా అమ్ముడుపోని ప్లాట్లలో మేము ఆడేవాళ్ళం. ప్లాటుకు ప్లాటుకు మధ్య హద్దురాళ్ళు, అక్కడక్కడా ద్రాక్షపందిరి మోసిన తోటనాటి రాతి కడీలు. బేస్‌లంటే ఇసుక కుక్కిన గోనెసంచి ముక్కలు. ఒక ప్లాటు అమ్ముడుపోయి పునాది తవ్వితే ఆ మేరకు మా ఆట పక్కకు జరిగేది. బ్యాట్ పట్టుకుని నిలబడే మా హోమ్ ప్లేట్ కూడా కిరాయికున్నవాళ్ళలాగా చోటు మారుతూ ఉండేది. ఎవరో కట్టే ఇంటి నీళ్ళతొట్టిలో బంతి పడితే అక్కడి వాచ్‌మన్‌ని బతిమాలడం నా పని, రైట్ ఫీల్డ్ కాబట్టి.

అలా చోటు మారిన ప్రతిసారీ అక్క అందరికంటే ముందు వచ్చేది. చెప్పులు విప్పి, కొత్త నేల మీద తొమ్మిది చోట్లకూ నడిచేది. ఒక్కో చోట ఆగి, కూర్చోబోయే ముందు చాప కింద దులిపినట్టు, పాదం అంచుతో గులకరాళ్ళను పక్కకు నెట్టేది. ఆట మధ్యలో ఒక చోటు నుంచి ఇంకో చోటుకు పొమ్మంటే ఊరికే పోయేది కాదు, తన చోట్లోకి వచ్చే పిల్లకు ఏదో ఒకటి చెప్పి పోయేది. "గీడ పడ్డ బంతి జర ఎడమకు లేస్తది, సూస్కో." "ఎండ మొకం మీద కొడ్తది, టోపీ దించుకో." చెప్పేటప్పుడు ఆ పిల్ల భుజం మీది దుమ్ము దులిపేది, దుమ్ము ఉన్నా లేకున్నా.

అన్ని చోట్లా ఆడితే ఏమొస్తుందో నాకు చూపించింది ఆమే. ఒకరోజు ప్రాక్టీస్ అయ్యాక అడిగాను, "ఇన్ని చోట్లు ఎలా గుర్తుంటాయక్కా, తికమక పడవా?" అని.

"తికమకెందుకే? థర్డ్ బేస్‌ల నిలబడ్డప్పుడు నాకెంత బుగులైతదో నాకెరికనే గదా. గందుకే క్యాచర్‌గున్నప్పుడు గా పిల్లకు మెల్లగ ఇసురుత. పిచర్ అయినప్పుడు చెయ్యి ఎప్పుడు గుంజుతదో ఎరికైంది, గందుకే గీ పోరి మొకం సూస్తెనే అలిసిందని చెప్త. ఏడ నిలబడితే ఆట ఆడికెంచి ఒక్కతీరు కనవడ్తది. అన్ని దిక్కులకెంచి సూసినోళ్ళకు ఆట మొత్తం కనవడ్తది."

తర్వాత క్యాచర్ మొహానికి పెట్టుకునే మాస్క్ చేతిలో తిప్పుతూ ఇంకో మాట అంది. "క్యాచర్ ఒక్కతే అందరి మొకాలు సూస్తది, ఎరికేనా? మిగిలినోళ్ళంత ఇటు దిక్కే తిరిగి ఉంటరు. నా మొకమే ఎవలకు కనవడది, గిది అడ్డముంటది."

సికింద్రాబాద్ జట్టుతో మ్యాచ్‌లో ఆమె అన్న మాట కళ్ళారా చూశాను. క్యాచర్‌గా మొదలుపెట్టింది. థర్డ్ బేస్ పిల్లకు మోకాలు కొట్టుకుపోతే అక్కడికి పోయింది. ఆట చివరికొచ్చేసరికి పిచర్ వేలు వాచింది, బంతి తనే తీసుకుంది. అవతల బ్యాట్ పట్టుకున్న పిల్ల చాలా గట్టిది. అక్క విసరబోయి ఆగి, దూరంగా ఉన్న నావైపు చూసి, ముందుకు రమ్మని చెయ్యి ఊపింది. నాకు ఏమీ అర్థం కాలేదు, వచ్చాను. బంతి సరిగ్గా నా గ్లవ్‌లోకి వచ్చి పడింది. నేను పట్టానని ఎవరూ అనుకోకండి, అది వచ్చి పడింది. ఆ పిల్ల అలిసినప్పుడు బంతిని ఎటు కొడుతుందో వెనక క్యాచర్‌గా కూర్చున్నప్పుడే అక్క చూసి పెట్టుకుంది. మర్నాడు పేపర్లో చిన్న వార్త వచ్చింది, సార్ ఫొటోతో.

ఇంత తెలిసిన మనిషికి ఒకే ఒక్క కోరిక ఉండేది. షార్ట్ స్టాప్. రెండో బేస్‌కూ మూడో బేస్‌కూ మధ్య నిలబడే చోటు. బంతులు ఎక్కువగా అటే వస్తాయి, వచ్చిన బంతిని ఎటు విసరాలో రెప్పపాటులో తేల్చుకోవాలి. "ఆడ నిలబడితే నాకు కాళ్ళు ఊకుండవే" అనేది నాతో. "మిగిలిన చోట్ల పని చేస్తున్నట్టుంటది. ఆడ ఆడుతున్నట్టుంటది." ఈ మాట చెప్పేటప్పుడు గొంతు తగ్గించేది, ఏదో అనకూడని మాట అన్నట్టు.

షార్ట్ స్టాప్ సునీతది. మేము ఆడే ప్లాట్లు సునీత వాళ్ళ నాన్నవి. అసలు ఊరి పటేళ్ళు వాళ్ళు, తోట కొట్టేసి లేఅవుట్ వేసింది వాళ్ళే. సునీత చెడ్డ పిల్ల కాదు, ఆట కూడా మరీ పాడుగా ఆడదు. కానీ ఇంకే చోటుకు పంపినా ఏడుపు మొహం పెట్టేది, అందుకని ఆమెకు ఆ చోటు ఖాయమైపోయింది. నిజం చెప్పాలంటే ఆ చోట్లో సునీత ఆడిన ఆటలో సగం అక్కదే. ప్రతి బంతికి ముందు హోమ్ ప్లేట్ వెనక కూర్చుని అక్క వేలు కదిపేది, ఎడమకు, కుడికి, కాస్త వెనక్కు. సునీత ఆ వేలు చూసి జరిగేది. చూసేవాళ్ళు అబ్బ, ఎంత ముందుగా కనిపెట్టింది అనుకునేవాళ్ళు.

ఒకసారి నేను పక్కనుండగానే అక్క సార్‌ను అడిగింది. రాష్ట్రం జట్టు సెలక్షన్ దగ్గర పడుతోంది. "సార్, సెలక్షన్ల నన్ను షార్ట్ స్టాప్‌కు చెప్పుండ్రి సార్."

సార్ నవ్వాడు. "నువ్వు అన్ని ఆడుతవ్ గదమ్మా. ఒక్క ప్లేసు ఎవలకు గావాలె? ఏది రానోళ్ళకు. నీకెందుకు?"

ఆ జవాబు పొగడ్తలాగే వినపడింది. అక్క కూడా నవ్వింది. ఇంటికి వెళ్ళేదారిలో మాత్రం ఆ మాటను రెండు మూడుసార్లు తనలో తనే అనుకుంది, ఎక్కడ మోసం ఉందో వెతుకుతున్నట్టు.

జూనియర్స్ సెలక్షన్ సిటీలో, పెద్ద గ్రౌండులో. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళాం. షామియానా కింద కుర్చీల్లో సెలెక్టర్లు. ఒక్కో చోటుకు ఎంతమంది పోటీ పడుతున్నారో వాళ్ళందరినీ పిలిచి ఆడించి చూస్తున్నారు. మొదట షార్ట్ స్టాప్‌లను పిలిచారు. అక్క లేవబోయింది. సార్ ఆమె చెయ్యి పట్టి ఆపి, "నీది తర్వాత చూద్దాం. సునీత విసిరితే ఫస్ట్ బేస్‌ల పట్టెటోళ్ళు ఉండాలె గదా, జర నువ్వు పోయి నిలబడు" అన్నాడు. అక్క వెళ్ళి నిలబడింది. సునీత విసిరిన బంతులు కొన్ని నేలబారుగా, కొన్ని తల మీదుగా వచ్చాయి. అక్క ఒక కాలు బేస్ మీద ఉంచి, ఒళ్ళంతా సాగదీసి అన్నీ పట్టింది. పట్టిన బంతి మంచి త్రో కిందే లెక్క. సెలెక్టర్లు సునీతను చూసి తలలు ఊపారు.

తర్వాత పిచర్ల వంతు. పట్టేవాళ్ళు కావాలి. "అక్క ఉన్నది గదా" అన్నాడు సార్. మా పిచర్‌కే కాదు, వేరే జిల్లాల పిల్లలకూ ఆ ఎండలో మాస్క్ పెట్టుకుని కూర్చుని అక్కే పట్టింది. మధ్యలో ఒక సెలెక్టర్ "ఏమ్మా, గా బంతుల సంచి ఇటు పట్టుకరా" అంటే తెచ్చి ఇచ్చింది. ఆ పిలుపులో ఏదో తేడా ఉంది. అక్కకు కూడా తెలిసే ఉంటుంది, కానీ చేతిలో ఎప్పుడూ ఏదో ఒక పని ఉండే మనిషికి ఆగి తగవు పెట్టుకునే తీరిక ఎక్కడుంటుంది.

నా వంతు ఎలా వచ్చిందో అలా పోయింది, దాని సంగతి వదిలేద్దాం. సాయంత్రం పేర్లు చదివారు. షార్ట్ స్టాప్ సునీత. మా పిచర్ కూడా వచ్చింది. చదవడం అయిపోయి అందరూ లేస్తుంటే అక్క వెళ్ళి షామియానా ముందు నిలబడింది. మాస్క్ ఇంకా చంకలోనే ఉంది.

"సార్, నన్నింక చూడలే."

పెద్ద సెలెక్టర్ కళ్ళజోడు సర్దుకుని చూశాడు. "నువ్వు గూడ సెలక్షన్‌కే ఒచ్చినవా? పొద్దటి సంది నువ్వు మీ సార్‌కు అసిస్టెంట్ అనుకున్న గదమ్మా!"

కుర్చీల్లో వాళ్ళు నవ్వారు. అక్క సార్ వైపు చూసింది. సార్ కూడా నవ్వుతున్నాడు.

"సరే, నీది ఏ ప్లేసు?" అని అడిగాడు సెలెక్టర్.

అక్క నోరు తెరిచింది. ఆమె చెప్పేలోపే సార్ అందుకున్నాడు. "ఏదైన ఆడుతది సార్. ఏడ పెట్టినా ఫికర్ లేదు."

"ఏదైన అంటే నేనేడ పెట్టుకోవాలయ్య? ప్లేసులన్ని నిండినయ్. ఒచ్చే యేడు సూద్దాం తియ్." లేస్తూ లేస్తూ సెలెక్టర్ మా సార్ భుజం తట్టాడు. "మంచి పిల్లను పెట్టుకున్నవ్. పొద్దంత ఒక్కతే నడిపిచ్చింది."

వచ్చే ఏడుకు అక్క జూనియర్స్ వయసు దాటిపోతుంది. సార్‌కు ఆ సంగతి తెలుసు. "థాంక్యూ సార్" అన్నాడు. ఇది నేను ఇప్పటికీ మన్నించలేను. అక్క పనిమనిషి కాదు, ప్లేయర్ అని ఒక్క ముక్క చెప్పి ఉంటే పోయేదేముంది? చెబితే సునీతకు ఎదురు నిలబెట్టాలి, సునీత వాళ్ళ నాన్న ప్లాట్లలో రేపు మళ్ళీ ఆడాలి. చెప్పకపోతే ఆయనకు ఏ నష్టమూ లేదు. అక్క ఎటూ ఉన్నది గదా.

తిరుగు బస్సులో సునీత మిఠాయి పొట్లం విప్పి అందరికీ పంచింది. అక్క కూడా తీసుకుని తింది. ఆమె ఏడుస్తుందేమోనని నేను పక్కన కూర్చుని ఎదురుచూశాను. సైదాబాద్ దాటాక అడిగింది, "నేను ముందుగాల్నే 'షార్ట్ స్టాప్' అని చెప్పాలె గదనే? సార్ చెప్పేదాక ఎందుకాగిన?"

మర్నాడు ప్రాక్టీస్‌కు మేమంతా వెళ్ళేసరికి అక్క షార్ట్ స్టాప్‌లో నిలబడి ఉంది. గులకరాళ్ళన్నీ పక్కకు నెట్టి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి ఉంది. సునీత వెళ్ళి, "అక్కా, గిది నా ప్లేసు" అంది మెల్లగా.

"రేపటి సంది నీదే. ఇయ్యాల నేనుంట."

సార్ వచ్చాడు. "ఏందమ్మా గిది? మాస్క్ పెట్టుకో, పా."

"ఇయ్యాల క్యాచర్ ఆడను సార్."

"క్యాచర్ లేకుంటె ఆటెట్ల నడుస్తది?"

"గది మీరు చూస్కోండ్రి."

ఆమె గొంతు పెంచలేదు. సార్ కోప్పడకుండా బ్యాట్లు, బంతులు, గ్లవ్‌లు ఒక్కొక్కటే సంచిలో వేసుకున్నాడు. "ఇయ్యాల ఆట లేదు" అని సైకిలెక్కి వెళ్ళిపోయాడు. పిల్లలు అక్క మీద విసుక్కున్నారు. ఇంత పొగరెందుకు, మాదేం తప్పు, మ్యాచ్ దగ్గర పడుతుంటే అన్నారు. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. నేను ఒంటరిగా ఇంటికి రాకూడదని మా అమ్మ ఆర్డరు, అందుకని ఒక హద్దురాయి మీద కూర్చున్నాను. అక్క అలాగే వంగి నిలబడింది. ఎదురుగా పిచర్ లేదు, బ్యాట్ లేదు. ఆ సాయంత్రం ఆ చోటు ఆమెది, అటు ఒక్క బంతి కూడా రాలేదు. కాసేపటికి నడుం నిటారు చేసి, "పా, మీ అమ్మ ఎదురుచూస్తుంటది" అంది. తర్వాతి మ్యాచ్‌కు సార్ కబురు పెడితే వచ్చింది, మాస్క్ పెట్టుకుంది. ఆ సాయంత్రం గురించి జట్టులో ఎవరూ మళ్ళీ ఎత్తలేదు.

మొన్న పదకొండో రోజున సార్ కూడా వచ్చాడు. మోకాళ్ళు పోయి కర్ర పట్టుకున్నాడు. నన్ను గుర్తుపట్టి భోజనాల బంతిలో నా పక్కనే కూర్చున్నాడు. రెండు ముద్దలు తిన్నాక మొదలుపెట్టాడు.

"అసోంటి ప్లేయర్ మళ్ళ దొరకలేదమ్మా నాకు. గిప్పటి పిల్లలకు గూడ ఆమె సంగతే చెప్త. ఒక్క ప్లేసు పట్టుకోని కూసోకుండ్రి, అన్ని ఆడుండ్రి, గప్పుడే మీకు విలువ అని."

"ఆమెకు ఏం విలువ వచ్చింది సార్?" అన్నాను.

ఆయన వినలేదో, వినదలుచుకోలేదో. "ఎన్నడన్న ఎదురు చెప్పిందా? ఒక్కనాడు చెప్పలే" అన్నాడు.

"ఒకరోజు చెప్పింది సార్. సెలక్షన్ మర్నాడు. షార్ట్ స్టాప్‌లో నిలబడి కదలనంది. మీరు బ్యాట్లు సంచిలో వేసుకుని వెళ్ళిపోయారు."

సార్ చేతిలో ముద్ద ఆగింది. నొసలు ముడిచి నిజంగానే గుర్తుచేసుకోడానికి ప్రయత్నించాడు. నటన కాదు, నాకు తెలుస్తోంది. ఇప్పుడైనా ఆ మొహంలో ఏదైనా కదులుతుందేమోనని చూస్తూ కూర్చున్నాను. తల అడ్డంగా ఊపాడు.

"షార్ట్ స్టాపా? అది సునీత ప్లేసు గదమ్మా."